అణువు విరిగిన చోట లేజర్
(బల్లార్షాలో తెలుగు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, ఇవాళ్టి సంగతిలో మన మహారాష్ట్ర మనిషి ఒకాయన ఉన్నాడు, కుమార్ పటేల్. బారామతిలో పుట్టి, పుణె ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో చేరాడు. 1964 నాటి కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో ఆయనకు పేరొచ్చింది. అంతకు రెండేళ్ల ముందు బెన్నెట్, ఫౌస్ట్, మెక్‌ఫార్లేన్ అనే శాస్త్రవేత్తలతో కలిసి చేసిన పనిని ఎవరూ పెద్దగా తలచుకోరు. నాకైతే అదే ఎక్కువ ఇష్టం.

గాజు గొట్టంలో బాగా తక్కువ పీడనంలో నియాన్ నింపి, చిటికెడు ఆక్సిజన్ కలిపి, రేడియో ఫ్రీక్వెన్సీ విద్యుత్తు ఇచ్చారు. 844.6 నానోమీటర్ల దగ్గర లేజర్ వచ్చింది. పరారుణం, కంటికి ఆనదు. అది ఇచ్చింది నియాన్ కాదు, ఆక్సిజన్ అణువూ కాదు. అణువు విరిగితే మిగిలిన ఒంటి పరమాణువు!

ఈ లెక్క రాసుకోండి. ఎలక్ట్రాన్ దెబ్బ తిన్న నియాన్ పరమాణువు దాదాపు 16.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి (పరమాణువుల శక్తిని కొలిచే కొలత ఇది) పట్టుకుని కూర్చుంటుంది, ఓ పట్టాన వదలదు. అది ఆక్సిజన్ అణువును గుద్దితే బంధం తెంచడానికి 5.1 ఖర్చు. మిగిలింది 11.5. పరమాణువు ఎక్కువ శక్తి ఉన్న పైమెట్టు నుంచి కిందిమెట్టుకు దిగుతూ లేజర్ కాంతి ఇస్తుంది. దాన్ని ఆ పైమెట్టు ఎక్కించడానికి 11 చాలు. ఒక్క గుద్దుకు రెండు పనులూ అయ్యాయి, కొసరు ముక్కల వేగంలోకి పోయింది. నియాన్ బదులు ఆర్గాన్ వాయువు పెడితే, దాని చేతిలో ఉన్నదే 11.5. బంధం తెంచాక మెట్టెక్కించడానికి చాలదు. అయినా ఆర్గాన్‌తోనూ లేజర్ వచ్చింది! అక్కడ ఆర్గాన్ విరిచి వదిలేస్తుంది, ఆ ముక్కను ఎలక్ట్రాన్లు పైకి లేపుతాయి.

మరి ఆక్సిజన్ ఎక్కువ పోస్తే లేజర్ పెరగాలి కదా? పెరగదు. మన స్టేషన్‌లో బండి దిగినవాళ్లు ప్లాట్‌ఫాం ఖాళీ చేస్తేనే వెనకవాళ్లకు దిగే చోటు. కిందిమెట్టు పరమాణువులు 130 నానోమీటర్ల కాంతి వదిలి ఖాళీ చేస్తాయి. చుట్టూ మామూలు ఆక్సిజన్ పరమాణువులు కిక్కిరిస్తే ఆ కాంతిని అవే మింగి, మళ్లీ అదే మెట్టుకు చేరతాయి. కిందిమెట్టు ఖాళీ కాదు, పైవాళ్లకు దిగే చోటుండదు.

ఈ విరుపు రాగి ఆవిరితో నడిచే లేజర్‌కూ పనికొచ్చింది. లోహం ఆవిరి కావాలంటే దాదాపు 1500 డిగ్రీలు కావాలి. రాగి, క్లోరిన్ కలిసిన కాపర్ క్లోరైడ్ వాడితే 400 దరిదాపుల్లో సరిపోతుంది. మొదటి విద్యుత్ పల్స్ అణువును విరుస్తుంది, రెండోది రాగిని వెలిగిస్తుంది. రెండోది ఆలస్యమైతే రాగీ క్లోరినూ మళ్లీ కలిసిపోతాయి.

ఇక అడగండి.