సాక్ష్యం చెప్పమంటే ప్రసంగం చేస్తున్నామా?

అందరికీ వందనాలు.

"నాకు వాక్యం అంతగా తెలీదు, నేనెక్కడ సాక్ష్యం చెప్పగలను? ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే ఏం చెప్పాలో అని టెన్షన్." యవ్వనస్తులతో ఎప్పుడు మాట్లాడినా ఈ మాటే వింటున్నాను. విన్న ప్రతిసారీ మనసుకు కష్టంగా ఉంటుంది. సాక్ష్యం అంటే యేసు నా జీవితంలో ఏం చేశారో ఇతరులకి చెప్పడం. అది చిన్న ప్రసంగం అని మనమే వాళ్లకి నేర్పించేశాం. రిఫరెన్సులు కంఠతా రావాలి, ఏ ప్రశ్న వేసినా జవాబు ఉండాలి, వాదనలో గెలవాలి అనుకుంటున్నారు. అది సాక్షి పని కాదు. కోర్టులో సాక్షిని బోనెక్కించి సెక్షన్లు అప్పజెప్పమని ఎవరూ అడగరు. నువ్వేం చూశావు, నీకేం జరిగింది, అంతే అడుగుతారు.

ఈ రోజు ఒకే మనిషిని చూద్దాం. యోహాను సువార్త 9వ అధ్యాయంలో, పుట్టుకతోనే చూపు లేని ఆయన. ఆ అధ్యాయమంటే నాకు ప్రాణం.

కథ మీకు తెలుసు. యేసు బురద చేసి ఆయన కళ్ల మీద పూయడం, ఆయన వెళ్లి సిలోయము కోనేటిలో కడుక్కోవడం, చూపు రావడం. నేను అక్కడ ఆగను. నన్ను కట్టిపడేసేది ఆ తర్వాత జరిగింది. 7వ వచనం అయ్యాక యేసు కనిపించరు. మళ్లీ 35వ వచనంలోనే వస్తారు. మధ్యలో 27 వచనాలు. అంతసేపూ ఆయన గురించి మాట్లాడింది నిన్నటిదాకా అడుక్కుంటూ కూర్చున్న ఈ మనిషి.

ఇంకొకటి గమనించండి. బురద పూసినప్పుడు ఈయనకి చూపు లేదు. చూపు వచ్చింది కోనేటి దగ్గర, అప్పుడు యేసు పక్కన లేరు. అంటే ఆ 27 వచనాలూ తాను ఇంకా ముఖం కూడా చూడని వ్యక్తి గురించి సాక్ష్యం చెప్పాడు! నాకు ఇంకా తెలియాలి, ఇంకా ఎదగాలి, అప్పుడు చెబుతాను అనేవాళ్లు ఈ ఒక్క సంగతి గురించి ఆలోచించండి.

[తెర మీద: యోహాను 9:10, 15, 26]

ఆయన్ని ఏం అడిగారు? "ఎలా?" పొరుగువాళ్లు అడిగారు, నీ కళ్లు ఎలా తెరుచుకున్నాయి అని. పరిసయ్యులు, అంటే యూదుల మతనాయకులు, అదే అడిగారు. మళ్లీ పిలిచి మళ్లీ అదే అడిగారు. ఆయన మొదటిసారి చెప్పిన జవాబులో ఏముంది? యేసు అనే ఒక మనిషి బురద చేసి నా కళ్ల మీద పూశాడు, కడుక్కోమన్నాడు, వెళ్లి కడుక్కున్నాను, చూపు వచ్చింది. అంతే. ఆదికాండంతో మొదలుపెట్టలేదు. అడిగిన దానికి జరిగింది చెప్పాడు. రెండోసారి ఇంకా తగ్గించి చెప్పాడు.

యేసు ఎక్కడ అని అడిగితే? "నేనెరుగను" అన్నాడు. ఆయన పాపి అని వాళ్లు దబాయించినప్పుడు మళ్లీ "నేనెరుగను" అన్నాడు. ఆ వెంటనే మనందరికీ నోటికి వచ్చిన ఆ మాట, "ఒకటిమాత్రము నేనెరుగుదును. నేను గ్రుడ్డివాడనైయుండి ఇప్పుడు చూచుచున్నాను."

మనం ఈ రెండో సగాన్నే పాడుకుంటాం, చెప్పుకుంటాం. మొదటి సగాన్ని వదిలేస్తాం. "నేనెరుగను" అని ధైర్యంగా అన్నవాడు కాబట్టే "ఎరుగుదును" అన్నప్పుడు ఆ మాటకి బరువు వచ్చింది. అన్నీ తెలిసినట్టు మాట్లాడేవాడి దగ్గర జనం జాగ్రత్త పడతారు. ఇది నా అనుభవంలో నూటికి నూరు పాళ్లు నిజం.

ఆ అనుభవం చెబుతాను. మా నాన్నగారు ప్రభువు దగ్గరికి వెళ్లిన నెలకి, ఆఫీసులో భోజనాల దగ్గర నాతో పనిచేసే ఒకావిడ అడిగారు. "ఏమీ అనుకోకండి, ఇంత జరిగినా ఇంత నిబ్బరంగా ఎలా ఉన్నారు?" ఇదీ "ఎలా" ప్రశ్నే. నేనేం చేశాను? ఆదాముతో మొదలుపెట్టాను. పాపం, మరణం, సిలువ, పునరుత్థానం, ఒకదాని వెనక ఒకటి. చెప్పిందంతా సత్యమే. కానీ కాసేపటికి ఆవిడ తినడం ఆపి, బాక్సు మూత పెట్టి, ఆ మూత మీద వేళ్లతో గీతలు గీస్తూ కూర్చున్నారు. అవునండీ, అవునండీ అంటూనే ఉన్నారు. ఆవిడ అడిగింది నా గురించి. నేను చెప్పింది ఆదాము గురించి.

రెండు రోజుల తర్వాత నేనే వెళ్లి చెప్పాను. "మొన్న మీరు అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదండీ. లేచి 23వ కీర్తన చదువుకుంటాను. 'నీవు నాకు తోడైయుందువు' అన్న దగ్గర ఏడుస్తాను, తర్వాత పడుకోగలుగుతున్నాను." ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి మీ దేవుడు ఆయన్ని ఎందుకు బతికించలేదు?" అన్నారు. తెలీదండీ అన్నాను. ఆ రోజు మేమిద్దరం నిజంగా మాట్లాడుకున్నాం.

సరే, ఇప్పుడు అసలు వచనం. 1 పేతురు 3:15. సమాధానం చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలని అందరం చెబుతాం. ఎవరికి చెప్పాలట? "హేతువు అడుగు ప్రతివానికిని." అంటే మన నిరీక్షణకి కారణం ఏంటని అడిగేవాళ్లకి. అడుగు! ఎలా చెప్పాలట? "సాత్వికముతోను భయముతోను." ఈ రెండూ వదిలేసి "సిద్ధముగా" ఒక్కటి పట్టుకున్నాం.

మన తెలుగు బైబిల్లో సమాధానం అంటే జవాబే కాదు, శాంతి కూడా. ఎఫెసీ 2:14లో "ఆయన మన సమాధానమైయుండి" అని ఉంటుంది. గ్రీకులో ఇవి వేర్వేరు మాటలు, కాబట్టి దీన్ని సిద్ధాంతం చేయను. కానీ తెలుగు చదివేవాడిగా నాకు ఈ కలయిక చాలా ఇష్టం. నా జవాబు విన్న మనిషికి అశాంతి మిగిలితే, నేను ఒక సమాధానం ఇచ్చి ఇంకో సమాధానం తీసేసుకున్నట్టే కదా.

అయితే అడిగేదాకా నోరు మూసుకోవాలా అంటారు. లేదు. యోహాను 4లో సమరయ స్త్రీతో మాట మొదలుపెట్టింది యేసే. ఎలా? "నాకు దాహమునకిమ్ము" అని ఆమెను నీళ్లు అడిగారు. బోధించకముందు అడిగారు. ఏథెన్సులో పౌలు సంత వీధిలో రోజూ ఎదురైనవాళ్లతో మాట్లాడాడు, అపొస్తలుల కార్యములు 17:17. అదీ ఉంది. కానీ ఎఫెసీ 4:11 చూస్తే "కొందరిని" సువార్తికులుగా నియమించాడని ఉంది. అందరూ పౌలు కానక్కర్లేదు. చూపు వచ్చినవాళ్లందరూ సాక్షులు మాత్రం అవుతారు.

టైమ్ అయిపోతోంది, ఇంకో అపోహ త్వరగా చెబుతాను. "ఎల్లప్పుడూ సువార్త ప్రకటించండి, అవసరమైతేనే మాటలు వాడండి" అని అస్సీసీ ఫ్రాన్సిస్ అనే పాతకాలపు ఇటలీ సన్యాసి అన్నట్టు స్టేటస్‌లు పెడుతుంటారు. ఆయన రాతల్లో ఆ వాక్యం లేదు. తన సన్యాసి సహోదరుల కోసం ఆయన రాసిన 1221 నాటి నియమావళిలో సహోదరులందరూ క్రియలతో ప్రకటించాలని ఉంది, నిజమే. వాదాలు పెట్టుకోకుండా, అందరికీ లోబడి, మేము క్రైస్తవులం అని ఒప్పుకోండని కూడా ఉంది. దేవునికి ఇష్టమని తోచినప్పుడు వాక్యం ప్రకటించండని కూడా ఉంది. 1219లో ఆయన స్వయంగా ఈజిప్టు సుల్తాన్ అల్ కామిల్ దగ్గరికి వెళ్లి మాట్లాడాడు. మాటలు అక్కర్లేదనుకున్నవాడు అంత దూరం వెళ్లడు.

మన గుడ్డివాడి తల్లిదండ్రులు గుర్తున్నారా? అంతా తెలిసి కూడా, సమాజమందిరంలో నుంచి, అంటే యూదుల ప్రార్థనాస్థలం నుంచి, వెలివేస్తారన్న భయంతో "వానినే అడుగుడి" అని తప్పించుకున్నారు. ప్రవర్తన చూస్తే చాలు, మాట అక్కర్లేదు అని నేను అన్నప్పుడు అది సాత్వికమా, ఆ భయమా అని నన్ను నేను అడుక్కోవాలి.

మీ కింద పనిచేసేవాళ్ల దగ్గర, మంచం మీద ఉన్నవాళ్ల దగ్గర మాత్రం ఇంకా జాగ్రత్త. వాళ్లు లేచి వెళ్లిపోలేరు. వద్దు అనే వీలు లేని మనిషికి చెప్పేది సాక్ష్యం అనిపించుకోదు. దీని మీద విడిగా ఒక వీడియో చేస్తాను.

ఈలోగా 9వ అధ్యాయం 8 నుంచి 38 వరకు ఒకసారి నెమ్మదిగా చదవండి. ఈయన యేసును ముందు "మనుష్యుడు" అంటాడు, తర్వాత "ప్రవక్త" అంటాడు, తర్వాత దేవుని దగ్గర నుంచి వచ్చినవాడంటాడు, చివరికి "ప్రభువా" అని మొక్కుతాడు. ప్రతి మెట్టుకీ ముందు ఎవరో ఒకరు ఆయన్ని ఏదో ఒకటి అడిగి ఉంటారు, లేదా నిలదీసి ఉంటారు. ఆ చోట్లు పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుంటూ చదవండి.