మొదటి పదమూడు ముక్కలు

శ్రోతలందరికీ నమస్కారం.

రమ్మీలో ఆట ఎక్కడ మొదలవుతుందని అడిగితే చాలామంది మొదటి ముక్క తీసినప్పుడని చెబుతారు. నా లెక్క ప్రకారం అంతకంటే ముందే మొదలవుతుంది. పదమూడు ముక్కలూ చేతిలోకి తీసుకుని, సర్దుకుని, కట్ట మీద ఇంకా చెయ్యి వెయ్యని ఆ పది పదిహేను సెకన్లలో. ఆడాలా, డ్రాప్ అవ్వాలా, అంటే ఆ ఆటకి పేక కింద పెట్టేసి తప్పుకోవాలా? ఈ పూట నేను మాట్లాడేది ఆ ఒక్క ప్రశ్న గురించే.

మన విశాఖలో రమ్మీ తెలియని ఇల్లు తక్కువ. సంక్రాంతికి అందరూ చేరితే సాయంత్రానికి దుప్పటి పరుస్తారు. అయినా నియమాలు రెండు ముక్కల్లో చెబుతాను, కొత్తవాళ్ళ కోసం. రెండు కట్టలు, రెండు బొమ్మ జోకర్లు, మొత్తం 106 ముక్కలు. కట్టలోంచి ఒక ముక్క కోస్తే, ఆ అంకె ఉన్న ముక్కలన్నీ జోకర్లే. షో చెప్పాలంటే, అంటే ఆట ముగించి గెలవాలంటే, కనీసం రెండు వరుసలు కావాలి (ఒకే గుర్తులో వరుసగా వచ్చే మూడు ముక్కలో అంతకు మించో), అందులో ఒకటి జోకరు సాయం లేని వరుస. దాన్నే లైఫ్ అంటాం. లైఫ్ లేకపోతే చేతిలో ఉన్నదంతా లెక్కకొస్తుంది, 80 దాకా. 101 ఆటలో, అంటే 101 పాయింట్లకి చేరినవాళ్ళు బయటికి పోయే ఆటలో, ముందే డ్రాప్ అయితే 20, మధ్యలో డ్రాప్ అయితే 40, చివరిదాకా ఆడి లైఫ్ లేకుండా దొరికిపోతే 80 దాకా. ఇరవై, నలభై, ఎనభై. ఈ మూడు అంకెలూ కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాం.

ఇక నాకు ఇష్టమైన ఉదాహరణ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడింది. ఆ తర్వాతి రోజులు విశాఖవాసులకు చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, మోటారు లేదు కాబట్టి నీళ్ళు లేవు, వీధి నిండా చెట్లు. మేమప్పుడు ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. పగలంతా బకెట్లు మోసి, చీకటి పడగానే అందరం కింద సెల్లార్లో చేరేవాళ్ళం. రెండు కొవ్వొత్తులు, ఒక చాప, రెండు పేక కట్టలు. పందెం లేదు, కాగితం మీద పాయింట్లే. మా పెద్దమ్మ ఆడేది. ఆవిడ దగ్గర కూర్చుని నేను చూసేవాణ్ణి. పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగం నాది. అలాంటి ఒక రాత్రి ఆవిడ చెప్పిన లెక్క అంత తేలిగ్గా ఎవరూ చెప్పగా నేను వినలేదు. అందుకే ఆ రాత్రి చూసిన రెండు పేకలూ, అంటే ఇద్దరి చేతికి వచ్చిన పదమూడేసి ముక్కలూ, మర్నాడే నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాను.

అయిదుగురు ఆడుతున్నారు. పెద్దమ్మ పక్కన మూడో అంతస్తు కుర్రాడు, ఇంజినీరింగు చదువుతున్నవాడు. జోకరుగా కళావరు నాలుగు తెగింది. కుర్రాడు పేక సర్దుకుంటూ మురిసిపోతున్నాడు. వాడి చేతిలో ఏముందో చెబుతాను, మెల్లగా వినండి. ఇస్పేటులో ఆసు, రాజు, తొమ్మిది. ఆఠీనులో రాజు, జాకీ, ఏడు. కళావరులో రాణి, ఎనిమిది, మూడు. డైమనులో రాణి, తొమ్మిది, ఆరు, రెండు. పదమూడు ముక్కలు. ఇద్దరు రాజులు, ఇద్దరు రాణులు, ఒక ఆసు, ఒక జాకీ. కొవ్వొత్తి వెలుగులో నిండుగా కనబడే పేక.

జోకరు లేదు. లైఫ్ లేదు. అయినా వాడు కట్ట మీదికి చెయ్యి చాపాడు.

పెద్దమ్మ అప్పటికే ఆ ఆటకి డ్రాప్ అయిపోయింది కాబట్టి వాడి పేక చూడొచ్చు. చూసి, "ఏట్రా, బొమ్మలు చూసి మురిసిపోతన్నావా? ఏ ముక్క వస్తే నీకు లైఫ్ అవుద్ది, చెప్పు" అంది.

"ఇస్పేటు రాణి వస్తే అవుతుంది మామ్మగారూ. ఆసు, రాజు, రాణి."

"సరే. ఇంకోటి?"

"ఆఠీను రాణి. రాజు, రాణి, జాకీ."

"ఇంకోటి?"

వాడు కాస్త వెతికాడు. "రాణులు రెండున్నాయి కదండీ, ఇంకో రాణి వస్తే సెట్టవుతుంది."

"ఏ రాణి?"

కళావరు రాణి, డైమను రాణి వాడి దగ్గరే ఉన్నాయి. సెట్టుకి, అంటే వేరు వేరు గుర్తుల్లో ఒకే రకం ముక్కలు మూడు కూడాలంటే, మిగిలినవి ఇస్పేటు రాణి, ఆఠీను రాణి. వాడు పేకలోకి చూసి, "అవేనండీ" అన్నాడు.

అవే! నాకు నచ్చింది ఈ మాటే. వాడి మాటల్లో మూడు ఆశలున్నట్టు కనబడుతోంది. ఆసు రాజుల ఆశ ఒకటి, రాజు జాకీల ఆశ ఒకటి, రాణుల సెట్టు ఆశ ఒకటి. కానీ మూడూ చూస్తున్నది ఆ ఇద్దరు రాణుల వైపే. ఒక్క రాణి వచ్చిందంటే ఒక్క పనే చేస్తుంది, రెండు చెయ్యదు. వరుసలో పెడితే సెట్టు లేదు, సెట్టులో పెడితే లైఫ్ లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. రెండు కట్టలు కాబట్టి ఇస్పేటు రాణులు రెండు, ఆఠీను రాణులు రెండు, మొత్తం నాలుగు ముక్కలు. వాడికి కనబడనివి ఎన్ని? 106లో చేతిలో 13, జోకరు ఒకటి, తెరిచి పెట్టింది ఒకటి తీసేస్తే 91. తొంభై ఒకటిలో నాలుగు. ఒక్కసారి తీస్తే అవకాశం సుమారు ఇరవై మూడింట ఒక వంతు మాత్రమే. అయిదుగురికీ పంచాక కట్టలో మిగిలేది 39 ముక్కలు. పెద్దమ్మ తప్పుకుంది కాబట్టి మిగిలింది నలుగురు. కట్ట అడుగు దాకా ఆట సాగినా ఒక్కొక్కరికి సగటున పది ముక్కలు రావు.

సరే, రాణి వచ్చిందే అనుకుందాం. అప్పుడు చేతిలో ఎంత మిగులుతుంది? ఆసుకీ బొమ్మలకీ పదేసి, మిగతా ముక్కలకి వాటి అంకే విలువ. మొదట వాడి పేక విలువ 104. ఇస్పేటు ఆసు, రాజు లైఫులోకి పోతే 84. ఒక రాణిని పడేస్తే 74. కోరుకున్న ముక్క వచ్చిన తర్వాత కూడా చేతిలో 74! డ్రాప్ అయితే పోయేది 20. ఇది వింటే ఎవరైనా పేక కింద పెట్టేస్తారు. వాడూ పెట్టేశాడు.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. మూడో చుట్టులో ఎదురుగా ఉన్నాయన కట్టలోంచి తీసి, అక్కర్లేదని పడేసిన ముక్క ఇస్పేటు రాణి. కుర్రాడు నెత్తి కొట్టుకున్నాడు. "చూశారా మామ్మగారూ, వచ్చేది!" అన్నాడు. పెద్దమ్మ తొణకలేదు. "వచ్చిందని ఇప్పుడు తెలిసింది. అప్పుడు తెలీదు కదరా" అంది.

ఈ మాట మీద నాకు గట్టి నమ్మకం ఉంది. మొదటి పేకని తూచేటప్పుడు తర్వాత ఏమొచ్చిందో చూసి తూచకూడదు. డ్రాప్ అయ్యాక రాణి వచ్చినా డ్రాప్ సరైనదే. ఆడి గెలిచినా సరే, ఆ పేకతో ఆడటం సరైనది కాదు.

తర్వాతి పంపకంలో పెద్దమ్మకు వచ్చిన పేక చూస్తే ఎవరికీ ఆశ పుట్టదు. రాజు జోకరు. ఆవిడ చేతిలో ఇస్పేటు అయిదు, ఆరు, పది. డైమను ఏడు, ఎనిమిది. కళావరు రెండు, మూడు, ఏడు. ఆఠీను నాలుగు, ఆరు, జాకీ. ఒక రాజు, ఒక బొమ్మ జోకరు. ఇక్కడా లైఫ్ లేదు. కానీ ఎదురుచూసే ముక్కలు లెక్కపెట్టండి. ఇస్పేటులో నాలుగు గానీ ఏడు గానీ. డైమనులో ఆరు గానీ తొమ్మిది గానీ. కళావరులో ఆసు గానీ నాలుగు గానీ. ఆఠీనులో అయిదు. ఏడు రకాలు, ఒక్కోటి రెండేసి, పద్నాలుగు ముక్కలు. ఒకదాని మీద ఒకటి పడటం లేదు, దేని దారి దానిదే. తొంభై ఒకటిలో పద్నాలుగంటే ఆరేడు సార్లకి ఒకసారి. పైగా లైఫ్ పడితే రెండో వరుసకి జోకర్లు సిద్ధంగా ఉన్నాయి. మొత్తం పేక విలువ కూడా 68 మాత్రమే, ఎంత చెడినా ఎనభై దాకా పోదు. ఆవిడ ఆడింది. ఆ ఆట ఓడిపోయింది కూడా, కొద్ది పాయింట్లతో. ఓడినా ఆడవలసిన పేకే అది.

ఒక్క సంగతి గమనించండి. ఒక్కో గుర్తులో ఆసు నుంచి రాజు దాకా విలువలు కూడితే 94 వస్తుంది. ఆసుకీ బొమ్మలకీ పదేసి కదా. అంటే జోకర్లు లేకుండా పదమూడు ముక్కలు వస్తే వాటి విలువ సగటున 94. సగటు పేకే ఎనభై దాటి ఉంది! లైఫ్ లేకుండా కూర్చుంటే ఫుల్ కౌంట్, అంటే ఎనభై, ఎందుకు అంత తేలిగ్గా పడుతుందో ఇందులోనే ఉంది. ఇక జోకరు అసలు రాని పేక ఎంత తరచుగా వస్తుందంటే, లెక్క కడితే వందకి 29 సార్లు. దాదాపు పదింట మూడు సార్లు జోకరు లేకుండానే కూర్చోవాలి. కాబట్టి జోకరు రాలేదని దురదృష్టం అనుకోనక్కర్లేదు, మామూలే.

పోకరులోనూ ఇదే ప్రశ్న, ముక్కలే తక్కువ. టెక్సస్ హోల్డెమ్ అనే ఆటలో మొదట చేతికొచ్చేది రెండు ముక్కలు. యాభై రెండులోంచి రెండు ముక్కలు తీసే విధాలు 1,326. అందులో రెండూ ఆసులు అయ్యేవి ఆరు, అంటే 221 సార్లకి ఒకసారి. అంతకు మించిన పేక లేదు. ఎదుట ఒక్కరే ఉంటే, ఇద్దరూ చివరిదాకా నిలిస్తే, వందకి 85 సార్లు గెలుస్తుంది. అదే తొమ్మిదిమంది ఉండి ఎవరూ తప్పుకోకపోతే ముప్పై ఒకటో ఎంతో. రెండు ఆసులూ అవే, బలం మాత్రం మూడో వంతుకి వచ్చేసింది. పేక బలం పేకలోనే ఉండదు, ఎదుట ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి మారుతుంది. రమ్మీలోనూ అంతే. ఇద్దరి మధ్య ఆడదగిన పేకతో ఆరుగురి మధ్య కూర్చుంటే, మీకు లైఫ్ పడేలోపే ఎవరో ఒకరు షో చెబుతారు.

డబ్బు మాట ఎత్తకుండా పేక గురించి మాట్లాడకూడదు. 1967లో సుప్రీంకోర్టు ఒక సికింద్రాబాదు క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటని చెప్పింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి అంది. ఆ మాటను అడ్డం పెట్టుకుని పందేలకు కూర్చునేవాళ్ళను చూస్తే నాకు బాధ. నేర్పు ఉన్నంత మాత్రాన జీతం డబ్బులు చాప మీద పెట్టాలని లేదు. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని, పోకరును మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నేను చెప్పే లెక్కంతా కాగితం మీద పాయింట్లు రాసుకునేవాళ్ళకి. సెల్లార్లో ఆ రాత్రులు మాకు అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

సమయం దగ్గర పడింది. ఇక పనికొచ్చే మాట ఒక్కటే చెబుతాను. పేక చేతిలోకి రాగానే గుర్తుల వారీగా సర్దండి. లైఫ్ ఉంటే ఆలోచన అక్కర్లేదు, ఆడండి. లేకపోతే, ఏ ఏ ముక్క వస్తే లైఫ్ పడుతుందో మనసులో పేర్లు చెప్పుకోండి. పేర్లు చెప్పుకోవాలి, అంచనా వెయ్యకూడదు. ఒకే పేరు రెండోసారి వస్తే లెక్కలో కలపకండి. వచ్చిన పేర్లను రెండుతో గుణించండి. అయిదూ ఆరూ లాంటి జంటకి రెండు వైపులా దారి ఉంది కాబట్టి నాలుగు ముక్కలు. అయిదూ ఏడూ అయితే మధ్యది ఒక్కటే, రెండు ముక్కలు. ఆసూ రెండూ అయినా రెండే ముక్కలు, మూడు తప్ప మరో దారి లేదు. ఇలా కూడితే పది కూడా దాటక, చేతిలో జోకరు కూడా లేకపోతే నేను డ్రాప్ అవుతాను. ఈ పది అన్నది నా అలవాటు, మీ చాప మీద మీరు ఎనిమిది పెట్టుకోండి, పన్నెండు పెట్టుకోండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది, చాలామంది దీన్ని చూడరు. ఇందాకటి అంకెలు, ఇరవై, నలభై, ఎనభై. 101 ఆటలో మీ స్కోరు 81కి చేరిందంటే డ్రాప్ మీకు లేనట్టే. ఇరవై కలిస్తే 101, మీరు బయటికి. అప్పుడు ఎంత పనికిమాలిన పేక వచ్చినా ఆడాల్సిందే. 61కి చేరితేనే మధ్యలో డ్రాప్ కూడా లేనట్టే. కాబట్టి స్కోరు నలభైలో ఉన్నప్పుడు పనికిరాని పేక, ఎనభై రెండులో ఉన్నప్పుడు ఆడవలసిన పేక అవుతుంది. పేక విప్పే ముందు స్కోరు కాగితం మీద మీ పేరు దగ్గర ఎంతుందో ఒకసారి చూసుకోండి.

సెలవు. నమస్కారం.