ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క రాత్రి ఆగండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైమ్ అక్కడే సగం అయిపోతుంది. మన్నించాలి.

కంప్యూటర్ క్రాష్ అయితే తప్పు హార్డ్‌వేర్‌దా, ఆపరేటింగ్ సిస్టమ్‌దా అన్నది నా అంశం. చార్టులు గీసుకునే వచ్చాను. కానీ ఇందాక ముందు వరుసలో ఒక బాబు, "ఏముంది, ఫార్మాట్ కొట్టేస్తే సరి" అన్నాడు. అంటే డిస్క్ తుడిచేసి విండోస్ మళ్లీ వేయడం. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చార్టులు పక్కన పెడుతున్నా.

ఇదిగో, ఇది చూడండి. వెనకవాళ్లకు కనిపిస్తోందా? పాడైన 4 జీబీ ర్యామ్ స్టిక్, అంటే కంప్యూటర్ మెమరీ. దీని పుణ్యాన నా కంప్యూటర్‌ని ఒక మెకానిక్ మూడుసార్లు ఫార్మాట్ చేశాడు. మూడుసార్లు! మొదటిసారి బాగైనట్టే ఉంది. వారానికి మళ్లీ బ్లూ స్క్రీన్, అదే విండోస్ ఆగిపోయి చూపించే నీలం తెర. "వైరస్ సార్" అన్నాడు. మూడోసారి ఇన్‌స్టలేషనే సగంలో ఆగిపోయి, ఫైల్ కరప్ట్ అంది. డీవీడీ మీద గీతలన్నాడు. డీవీడీ మార్చాడు, డ్రైవర్లు (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) మార్చాడు, ర్యామ్ మాత్రం ముట్టుకోలేదు. రెండో ఫార్మాట్‌లో మా నాన్నగారి ఫొటోలు పోయాయి. బ్యాకప్ పెట్టుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను.

మరి వారం రోజులు ఎలా పనిచేసింది? కొత్తగా వేసిన సిస్టమ్ మెమరీని తక్కువ వాడుకుంటుంది. ర్యామ్‌లో పాడైన సెల్, అంటే పాడైన గది, దాకా ఇంకా వెళ్లదు. నాలుగు ప్రోగ్రాములు తెరిచి మెమరీ నిండాక ఏదో ఒకటి ఆ సెల్‌లో పడుతుంది, పడ్డది చెడుతుంది. ఒకరోజు డ్రైవర్, ఇంకోరోజు బ్రౌజర్. బ్లూ స్క్రీన్ కోడ్ రోజుకొకటి మారుతుంటే ముందు ర్యామ్‌ని అనుమానించండి. ఒకే డ్రైవర్ పేరు మళ్లీ మళ్లీ వస్తుంటే ముందు ఆ డ్రైవర్ సంగతి చూడండి. క్రాష్ అయినప్పుడు విండోస్ రాసిపెట్టే మినీడంప్ ఫైళ్లలో ఆ పేర్లు దొరుకుతాయి. ఫార్మాట్ కొడితే పోయేది ఆ ఫైళ్లే, అంటే సాక్ష్యమే!

ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్ మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్ నుంచే బూట్ అవుతుంది. విండోస్ ప్రమేయం ఉండదు. అంటే సాక్షి నిందితుడి ఇంట్లో కాపురం ఉండడన్నమాట. రాత్రి పెట్టి నాలుగు పాస్‌లు, అంటే నాలుగు చుట్లు, పూర్తికానివ్వండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వదలకండి. ర్యామ్‌ని మామూలు కంటే వేగంగా నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆపి మళ్లీ చూడండి, స్టిక్‌లు ఒక్కొక్కటే పెట్టి చూడండి, స్లాట్ మార్చి చూడండి. తప్పు స్లాట్‌ది కూడా కావచ్చు.

బ్లూ స్క్రీన్ కూడా లేకుండా టక్కున ఆరిపోతే? అప్పుడు పవర్ సప్లై, వేడి. విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అనే ఎర్రర్ చూసి చాలామంది దొంగ దొరికాడనుకుంటారు. మిషన్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అది చెబుతుంది, ఎందుకో చెప్పదు. పెన్‌డ్రైవ్ మీద లైనక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ నడిపినా క్రాష్ అయితే అనుమానం హార్డ్‌వేర్ వైపు మొగ్గుతుంది. క్రాష్ కాకపోతే మాత్రం హార్డ్‌వేర్‌ని నిర్దోషి అనకండి. అప్పుడు హార్డ్ డిస్క్‌ని దాదాపు ముట్టుకోనే లేదు కదా!

పెద్దవాళ్లూ పొరబడతారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి 85 లక్షల విండోస్ మిషన్లను పడగొట్టింది. హార్డ్‌వేర్‌లో ఏ లోపమూ లేదు. అదే ఏడాది ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లున్న కొందరికి గేముల్లో "వీడియో మెమరీ చాలదు" అని వచ్చేది. పాపం గ్రాఫిక్స్ డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చున్నారు. చివరికి తేలింది ప్రాసెసర్‌కి వోల్టేజ్ ఎక్కువవుతోందని. ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) సవరణ వచ్చింది కానీ, అప్పటికే దెబ్బతిన్న చిప్‌లని అది బాగుచేయలేదు.

టైమ్ అయిపోయిందని చీటీ వచ్చింది. ఒక్క నిమిషం. టేబుల్ మీదున్నది నా ఆ పాత బోర్డే, మెమ్‌టెస్ట్ పెన్‌డ్రైవ్ దానికే ఉంది. ఫార్మాట్ అన్న బాబూ, పైకి రా. స్విచ్ ఆపు, ప్లగ్ కూడా పీకు. ఈ స్టిక్ గాడిలో క్లిక్‌మనేదాకా నొక్కు. ఆ, ఇప్పుడు ఆన్ చెయ్యి. మొదటి ఎర్రర్ ఎన్ని నిమిషాలకు వస్తుందో వాచీ చూసి నువ్వే చెప్పు.