పుచ్చకాయను మోగించి చూస్తున్న రోబో

నమస్తే అండీ. ఇప్పుడు మీ స్క్రీన్ మీద ఉన్న బొమ్మ నేను ఈ వేసవిలో వేసింది. కాన్వాస్ మీద అక్రిలిక్ రంగులు. చోటు మన విజయవాడే. పటమట నుంచి ఆటోనగర్ వైపు వెళ్తుంటే ఎండాకాలంలో రోడ్డు పక్కన పుచ్చకాయలు కుప్పపోసి అమ్ముతారు చూడండి, అలాంటి కుప్ప. దాని ముందు గొంతుక్కూర్చుని ఒక రోబో. ఒళ్లో పెద్ద కాయ. ఎడమ చేత్తో దాన్ని పొదివి పట్టుకుని, కుడి చేతి వేలితో కొడుతూ, తల ఓ పక్కకి వాల్చి వింటున్నారు. వెనక నిలబడ్డ వ్యాపారి మూతి మీద నవ్వు.

రోబోని పట్టుకుని ‘వింటున్నారు’ అంటుందేమిటి అనుకుంటున్నారా? దానికో కారణం ఉంది, వస్తున్నా.

చూసినవాళ్లు ఎక్కువమంది అడిగిన మాట ఒకటే. రోబో అంటే ఆకాశంలో ఎగరాలి, కళ్లలోంచి లేజర్ రావాలి, ఈ పుచ్చకాయల బేరం ఏమిటి, అసలీ ఐడియా ఎక్కడిది అని. ఒకాయనైతే ఏఐ వచ్చి మన ఉద్యోగాలు లాగేసుకోవడం మీద వేశానని తేల్చేశారు. కాదండీ. ఈ రోబో మా నాన్న.

మా నాన్న ఆటోనగర్‌లో లేత్ పని చేశారు. లేత్ అంటే ఇనుప సామాను గిరగిరా తిప్పుతూ చెక్కే మిషన్. ఆటోనగర్ తెలియని విజయవాడవాళ్లు ఉండరు గానీ, వేరే ఊళ్లవాళ్ల కోసం చెప్తాను. లారీ అనే దానికి ఏ జబ్బు చేసినా అక్కడ ఓ వైద్యుడు దొరుకుతాడు. బాడీ కట్టేవాళ్లు ఒక వరస, లారీ కింద బరువు మోసే స్ప్రింగు బద్దలు, అదే కమాన్ పట్టీలు, సాగగొట్టేవాళ్లు ఒక వరస, రేడియేటర్‌కి మాటు వేసేవాళ్లు, ఇంజన్ బోరింగు చేసేవాళ్లు, సీటు కుట్టేవాళ్లు, చివరికి వెనకాల ‘సౌండ్ హారన్’ అని రాసి పక్కన తామర పువ్వు వేసేవాళ్లు. చెన్నై - కోల్‌కతా హైవే, హైదరాబాద్ హైవే రెండూ కలిసే ఊరు కదా, పని కరువు ఉండేది కాదు. నేను రంగు వాసన మొదట పీల్చింది ఏ ఆర్ట్ క్లాసులోనో కాదు, అక్కడే. రెడ్ ఆక్సైడ్ వాసన. లారీ బాడీకి అసలు రంగు వేసేముందు తుప్పు పట్టకుండా కొట్టే ఆ ఇటుక రంగు ప్రైమర్ అన్నమాట.

నాన్న దగ్గరికి బ్రేక్ డ్రమ్ములు వచ్చేవి. చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి ముక్క, బ్రేకు వేస్తే ఒరుసుకునేది దానికే. పోత ఇనుము. ఘాట్ రోడ్డు మీద బ్రేకులు వేసీ వేసీ డ్రమ్ము వేడెక్కుతుంది, చల్లారుతుంది, మళ్లీ వేడెక్కుతుంది. అలా కొన్నాళ్లకి కంటికి కనపడని పగుళ్లు పడతాయి. అలాంటిదాన్ని లేత్ మీద ఎక్కించి సానపట్టి ఇచ్చామనుకోండి, తర్వాత జరిగేదానికి బాధ్యత ఎవరిది? అందుకని నాన్న డ్రమ్ము రాగానే బోల్టు రంధ్రంలోంచి ఓ కమ్మీ దూర్చి పైకెత్తి పట్టుకునేవారు. చిన్న సుత్తితో అంచు మీద ఒక్క దెబ్బ. ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు గాల్లో నిలబడితే డ్రమ్ము మంచిది. డబ్‌మని అక్కడికక్కడే ఆగిపోతే లోపల ఎక్కడో పగులుంది, లేత్ మీదకి ఎక్కించడం కూడా దండగ. పగులు ఉన్నచోట కదలిక తెగిపోతుంది కాబట్టి మోత సాగదు. రైల్వేవాళ్లు చక్రాల్ని సుత్తితో కొట్టి చూసే పద్ధతి కూడా ఇదే. చుట్టూ గ్రైండింగ్ మిషన్లు, హారన్లు, వెల్డింగ్ చిటపటలు, ఇంత గోలలో ఆ ఒక్క మోత ఎలా వినేవారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దెబ్బ వేశాక కళ్లు మూసుకుని మెడ కొద్దిగా ఎడమకి వాల్చేవారు. బొమ్మలో రోబో మెడ వాలింది చూడండి, అక్షరాలా అదే వాలు.

చిక్కేమిటంటే, షాపులో అలవాటు షాపులో ఉండదుగా. కుండ కొన్నా, కొబ్బరికాయ కొన్నా, కొత్త ఇంట్లో టైల్స్ వేయించినా, అన్నీ కొట్టి చూడాల్సిందే. కుండ విషయంలో, టైల్స్ విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. పుచ్చకాయ దగ్గరే వచ్చింది తంటా. ఎందుకంటే కాయ ఇనుముకి పూర్తిగా ఎదురు. పచ్చికాయ లోపల గట్టిగా బిగుసుకుని ఉంటుంది కాబట్టి టంగుమని సన్నగా మోగుతుంది. పండేకొద్దీ గుజ్జు మెత్తబడి గొంతు దిగుతుంది. బాగా ముగ్గితే ఇక దబ్‌మనే శబ్దమే. మా నాన్నేమో జీవితమంతా ఖంగుమన్నదే మంచిదని నమ్మిన మనిషి. కుప్పంతా కెలికి, ఒక్కోటి మోగించి, అన్నిట్లోకీ గట్టిగా మోగిన కాయని ఏరి ఇంటికి తెచ్చేవారు. కోస్తే లేత గులాబీ. మా అమ్మ దాని మీద పంచదార చల్లి పెట్టేది. దారిలో వ్యాపారి “కోసి చూపిస్తాను బాబాయ్” అంటే ఈయనకి నామోషీ. వద్దు, నాకు తెలుసు అనేవారు.

ఇదండీ నా బొమ్మకి మూలం. తన పనిలో తిరుగులేని మనిషి, తనది కాని చోట అంతే నమ్మకంగా నిలబడితే చూడ్డానికి భలే ముద్దుగా ఉంటుంది. రోబో బొమ్మల్లో నాకు నచ్చేవి కూడా అలాంటివే. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎరిక్ జాయ్‌నర్ అని ఒక చిత్రకారుడు ఉన్నారు. కంపెనీలకి బొమ్మలు వేసి వేసి విసిగి, ఇక నాకు ఇష్టమైనవే వేసుకుంటాను అనుకున్నారు. పాత జపాన్ రేకు రోబోలు ఆయనకి ఇష్టం, అవి వేశారు. తర్వాత వీటికి ఒక శత్రువు ఉంటే బాగుంటుందని వెతుకుతుంటే, ‘ప్లెజెంట్‌విల్’ సినిమాలో ఒక పాత్ర డోనట్ల బొమ్మ వేయడం చూశారు. అంతే, రోబోలకి డోనట్లు శత్రువులైపోయాయి. వినడానికి పిచ్చిగా ఉంది కదా? కానీ ఆయన ఆ పిచ్చిని ఎంత సీరియస్‌గా వేస్తారంటే, వెలుతురూ నీడా అన్నీ పాత యుద్ధ చిత్రాల లెక్కలో ఉంటాయి. నేను ఆయన దగ్గర తీసుకున్నది ఆ సీరియస్‌నెస్సే. డోనట్ నాది కాదు, నాకు పుచ్చకాయ ఉంది.

ఇక రోబో ఒళ్లు ఎలా కట్టానో చూడండి. రేకు డబ్బా రోబో వేయాలనిపించలేదు. మన పక్కనే కొండపల్లి ఉంది. తెల్ల పొణికి కర్రతో చేతులు వేరే, తల వేరే, మొండెం వేరే చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. సున్నం పూత వేసి, దాని మీద రంగులు. దశావతారాలూ అంబారీ ఏనుగూ సరే, నాకైతే అందులో కల్లుగీత కార్మికుడి బొమ్మంటే ప్రాణం. పని చేసుకునే మనిషిని బొమ్మ చేయడమన్నది మన చుట్టుపక్కల ఎప్పటినుంచో ఉన్న విషయమే. అందుకే నా రోబో భుజం దగ్గర, మోచేతి దగ్గర బోల్టు కనపడదు, మక్కు అతుకులాంటి ఉబ్బు కనిపిస్తుంది.

మిగతాదంతా ఆటోనగర్ సామానే. కాళ్లు కమాన్ పట్టీలు. కన్ను లారీ హెడ్‌లైటు, ఒకటే, అదీ సగం మూత పడి. కొట్టే వేలు చిన్న పానా. చెవి ఏం పెట్టాలా అని చాలా తన్నుకున్నాను. మైక్ పెట్టి చూశాను, స్పీకర్ పెట్టి చూశాను, రెండూ అతికించినట్టే ఉన్నాయి. చివరికి ఇంజన్ ఆయిల్ పోసే గరాటు పెట్టాక మొహం వచ్చింది. జూమ్ చేస్తాను చూడండి, గరాటు అంచున ఒక నల్లటి ఆయిల్ చుక్క ఉంది, జారడానికి సిద్ధంగా. ఆ చుక్క లేకపోతే గరాటు కొత్తదైపోతుంది, రోబోకి వయసు పోతుంది. ఒంటి రంగుల కింద అంతటా రెడ్ ఆక్సైడ్ షేడే వేశాను. మోకాళ్ల దగ్గర, మోచేతుల దగ్గర పై రంగు గీకితే అది బయటపడింది. తుప్పు విడిగా వేయక్కర్లేకపోయింది.

కింద కుడి మూల చూశారా? కోసిన కాయ ఒకటి ఉంది. లేత గులాబీ. రోబో అంతకుముందు ఏరినది అదే.

మా అమ్మ బొమ్మ చూసి, నలుగురూ చూసేదాంట్లో మీ నాన్న పరువు తీశావు, ఆ ముక్కని ఎర్రగా మార్చేయ్ అంది. నాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశారు. కాళ్ల దగ్గర మెయిన్ పట్టీ పైకి ఉండాలి, కిందకి పెట్టావేంటమ్మా అన్నారు. గరాటుకి జాలీ లేదన్నారు. తర్వాత ఆ కోసిన కాయ మీద వేలు పెట్టి, “కాయ మంచిదేనమ్మా. రంగు నువ్వే తక్కువ వేశావు” అన్నారు.