గుజిరీ సీసం రివ్యూ: వల గుండ్లకు ఏది కొనాలి, ఏది ముట్టుకోకూడదు

అందరికీ నమస్తే. తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు రివ్యూ కొత్త వస్తువు మీద కాదు, గుజిరీ అంగళ్లలో కిలోల లెక్కన తూచి ఇచ్చే పాత సీసం మీద. విసురు వల అంచుకు కట్టే గుండ్లు సొంతంగా పోసుకునేవాళ్లు మన పక్క చాలామందే ఉన్నారు, పిచ్చాటూరు అరణియార్ దగ్గర, చిత్తూరు పల్లెల చెరువుల దగ్గర, అటు తడ వైపు పులికాట్ దాకా. అందరూ గుండు ఎలా పోయాలి అనే అడుగుతారు గానీ పోయడానికి ముందు సీసాన్ని ఎలా ఏరాలి, ఎలా శుభ్రం చేయాలి అని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే పనంతా అక్కడే ఉంది.

ఒక మాట ముందే చెప్పేస్తా. పాత సీసం శుభ్రం చేయడం గురించి వెతికితే దొరికే సమాచారంలో ఎక్కువ భాగం అమెరికాలో సొంతంగా తూటాలు పోసుకునేవాళ్లది, అక్కడ అదొక హాబీ. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం, జైలుకు పోతారు. అడవి పందులకని నాటు తుపాకీల్లో వేసే గుండ్ల గురించి నన్నడగొద్దు, చెప్పను. ఇది చేపల వల కోసం చేసిన వీడియో. లోహం మాత్రం ఎక్కడైనా అదే లోహం కాబట్టి, శుభ్రం చేసే పద్ధతిలో వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

సరే, కుప్పలు చూడండి. ఇది టైరు షాపుల నుంచి వచ్చే వీల్ బ్యాలెన్సింగ్ వెయిట్లు. రేణిగుంట రోడ్డు వైపు టైరు షాపుల్లో పాతవి బకెట్లలో పడేసి ఉంటాయి, అడిగితే తూచి ఇస్తారు. బకెట్‌లో చెయ్యి పెడితే గ్రీజు, రబ్బరు ముక్కలు, వాల్వు మూతలు, బీడీ ముక్కలు, అన్నీ వస్తాయి. ఇందులో రెండు రకాలు. ఇనుప క్లిప్పుతో రిమ్ముకు కొట్టేవి ఒకటి, వాటిలో సీసంతో పాటు కొంచెం యాంటిమొనీ అనే పెళుసు లోహం, ఇంకాస్త తక్కువగా తగరం కలిసి ఉంటాయి, అందుకే గట్టిగా ఉంటాయి. రెండోది వెనక గమ్ టేపుతో అతికించేవి, ఇవి దాదాపు మెత్తటి సీసమే, గోరుతో గీస్తే గీత పడుతుంది. దారానికి పెట్టి ప్లేయర్‌తో నొక్కి బిగించే గుండ్లకు ఈ మెత్తటిదే కావాలి. అచ్చులో బెజ్జంతో సహా పోసే పూసలకు క్లిప్పు రకం బాగుంటుంది, రాళ్ల మీద పడినా ఆకారం చెడదు. అందుకే ఈ రెండింటినీ కలపకండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ బకెట్లలో సీసం కానివి కూడా ఉంటాయి. యూరప్‌లో 2005 జూలై నుంచి కొత్త కార్లకు సీసం వెయిట్లు నిషేధించారు, దాంతో జింకువి, ఉక్కువి ఎక్కువయ్యాయి, మన దగ్గరా కనిపిస్తున్నాయి. ఉక్కుతో బాధ లేదు, కరగదు, సీసం మీద తేలుతుంది, గరిటెతో తీసేయొచ్చు. జింకే మోసం. కొన్నిటి మీద జెడ్ ఎన్ అని, అంటే జింకు గుర్తు, పోత అక్షరాలు ఉంటాయి, అవి పక్కన పెట్టేయండి. అక్షరాలు లేనివాటిని ఇలా కటింగ్ ప్లేయర్ నోట్లో పెట్టి నొక్కండి. చూడండి, దగ్గరగా చూపిస్తున్నా, సీసమైతే ప్లేయర్ పన్ను లోపలికి దిగిపోయింది, తెగిన చోట వెండిలా మెరుస్తోంది. ఇదిగో ఈ రెండోది, అదే బలంతో నొక్కినా పైన చిన్న గాటు తప్ప ఏమీ లేదు, అంటే ఇది జింకు. ఇంకో పరీక్ష, కడప బండ మీద పడేసి వినండి. సీసం తప్‌మని పడి ఊరుకుంటుంది, జింకు ఖంగుమంటుంది. ఒక్కో ముక్కా చూడాలా అంటే చూడాలి సామీ, వేరే దారి లేదు. నాలుగు ముక్కల జింకు కరిగిందంటే కుండ మొత్తం రాగి సంగటిలా గడ్డలు కట్టి అచ్చులోకి సరిగా పారదు.

ఇక ఈ రెండో కుప్ప, పాత కేబుళ్ల మీది సీసం తొడుగు, ఎక్స్‌రే గదుల గోడలకు వేసే రేకు. దొరికితే కళ్లు మూసుకుని కొనండి. శుభ్రంగా ఉంటుంది, మెత్తగా ఉంటుంది, ఏరే పనే ఉండదు. రేటు ఎక్కువ చెబుతారు, నా మాటగా ఇవ్వొచ్చు. తొడుగు లోపల తారు, కాగితం ఉంటే గీకి తీసేయండి, లేదంటే పొగే పొగ.

మూడోది పాత ప్రెస్సుల అచ్చు అక్షరాలు. కంపోజింగ్ ఆగిపోయాక ఇవి గుజిరీలోకి వచ్చేశాయి. యాంటిమొనీ ఎక్కువ, బాగా గట్టి, నొక్కితే పగులుతుంది, కాబట్టి వలకు పనికిరాదు. పనికొచ్చినా నేను కరిగించను. ఒక్కో అక్షరం చూడండి, ఆ గుడి, ఆ వట్రసుడి ఎంత శ్రద్ధగా తీశారో. మీకు కనిపిస్తే కొని దాచిపెట్టండి, దయచేసి కుండలో వేయొద్దు.

నాలుగోది, నేను తేనిది, ఇక్కడ చూపించనిది, బండ్ల బ్యాటరీ సీసం. అన్నింటికన్నా చౌకగా అదే దొరుకుతుంది, అందుకే జనం దానికే పోతారు. వద్దన్నా. లోపలి పలకల మీద ఉండేది ఎక్కువగా సీసం సల్ఫేటు, ఆక్సైడు, గంధకామ్లంతో తడిసిన బురద. పలకల్లో యాంటిమొనీ, ఆర్సెనిక్, కాల్షియం కూడా ఉండొచ్చు, అట్లాంటివి కరిగించాక మిగిలే తెట్టుకు తడి తగిలితే ఆర్సీన్, స్టిబీన్ అనే విషవాయువులు పుట్టే ప్రమాదం ఉంది, మాస్కు కట్టుకున్నా అవి ఆగవు. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలు రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలి. కొత్తది కొనేటప్పుడు పాతది అంగట్లో ఇచ్చేయండి, రేటు తగ్గిస్తారు, పీడా పోతుంది.

కరిగించడానికి వద్దాం. ఇంటి వంట గదిలో కాదు, మిద్దె మీద పిల్లలు ఆడుకునే చోటా కాదు, గాలి పారే ఆరుబయట. కుండ పోత ఇనుముది గానీ మందపాటి ఉక్కుది గానీ కావాలి, అల్యూమినియం వద్దు, వేడికి బలం తగ్గిపోతుంది. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, జింకు 419 దగ్గర. ఈ రెండింటి మధ్యలో ఉండటమే మొత్తం కిటుకు. 380 దాటనివ్వకపోతే పొరపాటున ఒక జింకు ముక్క పడినా కరగకుండా పైకి తేలుతుంది, తీసి పారేయొచ్చు. దీనికి థర్మామీటర్ తప్పనిసరి. గన్ లాంటి ఇన్‌ఫ్రారెడ్‌ది కొనకండి, మెరిసే లోహం మీద అది అసలు వేడి కన్నా చాలా తక్కువ చూపిస్తుంది. కడ్డీ ఉన్న కె టైప్ ప్రోబ్ తీసుకోండి, లోపల ముంచితే ఉన్నదున్నట్టు చెబుతుంది.

నీళ్ల సంగతి జాగ్రత్తగా వినండి. చెమట చుక్క కరిగిన సీసం పైన పడితే సుయ్‌మని ఆవిరైపోతుంది, సాధారణంగా అంతటితో సరి. కానీ తడి ఉన్న ముక్క లోపలికి మునిగిందంటే, ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై 1,600 రెట్లకు పైగా ఉబ్బుతుంది, కుండలోని సీసమంతా మొహం మీదికి ఎగురుతుంది. అందుకే ముక్కలన్నీ ముందు రోజు ఎండలో పోసి, చల్లటి కుండలోనే నింపి, మూత పెట్టి, అప్పుడు మంట వెలిగించండి. కరిగిన దాంట్లో కొత్త ముక్క వేయొద్దు. గరిటె కూడా వేడి చేశాకే ముంచాలి. మొహానికి షీల్డు, నిండు చేతుల కాటన్ చొక్కా, తోలు బూట్లు, వాన పడేలా ఉంటే ఆ రోజుకు పని మానుకోండి.

అంతా కరిగాక క్లిప్పులు పైకి వస్తాయి, చిల్లుల గరిటెతో తీసేయండి. పైన బూడిద రంగు పొర కనిపించగానే తోడి పారేయాలనిపిస్తుంది, ఆగండి. అందులో తగరం, యాంటిమొనీ కూడా ఉన్నాయి. పొడి రంపపు పొట్టు ఒక గుప్పెడు వేయండి, లేదా కొవ్వొత్తి ముక్క. పొగ వస్తుంది, మైనమైతే భగ్గుమంటుంది, భయపడొద్దు, కొంచెం దూరంగా నిలబడండి. మాడిన తర్వాత గరిటెతో అడుగునా అంచులా గీకుతూ బాగా తిప్పితే ఆక్సైడుగా మారినదాంట్లో కొంత మళ్లీ లోహమై లోపలికి పోతుంది, పైన నల్లటి పొడి మాత్రం మిగులుతుంది. అప్పుడు తోడండి. రెండోసారి ఇదే చేస్తే, చూడండి, పైభాగం అద్దంలా తేటగా వచ్చింది.

కడ్డీలు పోయడానికి మంచి అచ్చు ఏదంటే, పోత ఇనుము గుంత పొంగనాల పెనం. ముందు వేడి చేసి పోస్తే బిళ్లలు చక్కగా ఊడొస్తాయి. నాన్‌స్టిక్‌ది పనికిరాదు, ఆ పూత ఈ వేడికి విషపు పొగ వదులుతుంది. ఒకసారి సీసం పోసిన పెనంలో ఇంక జన్మలో పొంగనాలు వేయకూడదు, అందుకే పిడికి ఎర్ర పెయింటు కొట్టి ఇంటి బయటే తాళం వేసి పెట్టండి.

తోడిన ఆ నల్ల పొడే అన్నింటికన్నా ప్రమాదం. ఇంత తక్కువ వేడిలో సీసం ఆవిరి లేచేది చాలా తక్కువ, మనిషి లోపలికి పోయేది ఎక్కువగా దుమ్ము రూపంలో, చేతుల మీదుగా. ఎన్95 మాస్కు పెట్టుకుని, పొడిని మూత ఉన్న ఇనుప డబ్బాలోకి ఎత్తండి, పెరట్లో పూడ్చొద్దు. పిల్లల విషయంలో ఇంత వరకు పర్వాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మెదడు ఎదుగుదలే దెబ్బ తింటుంది. పని అయ్యాక సబ్బుతో చేతులు, మొహం కడిగి, ఆ బట్టలు విడిగా ఉతికి, ఆ తర్వాతే పిల్లల్ని ఎత్తుకోండి.

ఇంకొకటి, గాలానికి కట్టే చిన్న సీసం గుండ్లు తెగి నీళ్లలో ఎక్కువ పోతుంటాయి. వాటిని మింగి హంసలు చస్తున్నాయని బ్రిటన్‌లో 1987లోనే చిన్న సైజులను నిషేధించారు. పులికాట్‌కు కొంగలూ పరజలూ ఫ్లెమింగోలూ వచ్చే జిల్లా మనది, కాబట్టి గాలానికి ఉక్కువి కొనుక్కోండి. వల గుండ్లు వలతోనే తిరిగి వస్తాయి, వాటికే ఈ సీసం.

చివరిగా నా రేటింగ్. కేబుల్ తొడుగు, రేకు పదికి తొమ్మిది. టైరు వెయిట్లు ఓపికగా ఏరుకుంటే ఏడు, ఏరకపోతే రెండు. బ్యాటరీకి సున్నా. చల్లారిన ప్రతి బిళ్ల మీదా మెత్తదా గట్టిదా అని మార్కర్‌తో రాసి పెట్టుకోండి, ఆరిపోయాక చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.