మారిషస్ బడిలో ఏ భాషకు ఎంత చోటు?

(తెరపై: లెక్కల ప్రశ్నపత్రం, దగ్గరగా)

బుట్టలో 36 మామిడిపళ్లు ఉన్నాయి, నలుగురికి సమంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని వస్తాయన్న ఈ లెక్క భాగహారం నేర్చిన పిల్లకు కష్టం కాదు. అయితే మారిషస్‌లో ఇలాంటి ప్రశ్నను ఇంగ్లీషులో అడుగుతారు. ఇంట్లోనూ ఆటలోనూ, ఫ్రెంచి మూలంగా పుట్టిన క్రియోల్ భాష మాత్రమే మాట్లాడే పిల్లకు ‘సమంగా పంచడం’ అన్న మాట ఇంగ్లీషులో బోధపడకపోతే, భాగహారం వచ్చినా మార్కు రాదు.

(తెరపై: పోర్ట్ లూయిస్ వీధులు)

1968లో స్వతంత్రమైన ఈ దేశంలో ఆఫ్రికా, మడగాస్కర్, భారత్, చైనా, ఫ్రాన్స్‌ల నుంచి వచ్చినవారి సంతతి కలిసి జీవిస్తోంది. 1975 మేలో చదువులో మార్పులు కోరుతూ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, 1977 నుంచి సెకండరీ చదువు ఉచితమైంది, ఇప్పుడు వయోజన అక్షరాస్యత 90 శాతం దాటింది. ఇది నిజంగా గొప్ప సాధనే. కానీ అదే దేశంలో ప్రాథమిక విద్య చివరి పరీక్షలో సుమారు మూడోవంతు పిల్లలు ఏళ్ల తరబడి తప్పుతూ వచ్చారన్న సంగతి ఆ 90 శాతంలో కనిపించదు. వారిలో బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతికి చెందిన పేద క్రియోల్ కుటుంబాల పిల్లలు ఎక్కువ. 1972 తర్వాత జనగణనలో జాతి వివరం అడగడం మానేసి, మతాన్నీ భాషనూ మాత్రమే నమోదు చేస్తున్నందువల్ల, ఈ అంతరాన్ని సూటిగా కొలవడం కూడా సాధ్యం కాదు.

(తెరపై: తరగతి గది)

మూడో తరగతి వరకు పిల్లలకు అనువైన ఏ భాషలోనైనా బోధించవచ్చని, నాలుగో తరగతి నుంచి మాత్రం ఇంగ్లీషే ఉండాలని 1957 నాటి నిబంధన చెబుతోంది. ఆచరణలో టీచరు క్రియోల్‌లో విడమరచి చెబుతారు, పిల్లలు ఇంగ్లీషు పుస్తకం చూసి రాస్తారు.

ఇక ఐచ్ఛిక భాష గంట మొదలైతే తరగతి విడిపోతుంది. కొందరు హిందీకి, కొందరు ఉర్దూకు, తమిళానికి, మరాఠీకి వెళతారు, మన కోరంగి రేవు పేరుమీద ‘కోరంగీలు’ అనిపించుకున్న తెలుగువారి పిల్లలు అ, ఆలు దిద్దుతారు. క్రియోల్ పిల్లలకు మాత్రం ఆ గంటలో తమది అనుకోదగిన భాష చాలాకాలం లేదు. ఈ ఆసియా భాషల మార్కులను ప్రాథమిక విద్య చివరి పరీక్ష ర్యాంకులో కలపాలా వద్దా అన్న వివాదం 1998లో మారిషస్‌కు తుది అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిందంటే, ఈ గంట ఎంత విలువైనదో అర్థం చేసుకోవచ్చు.

(తెరపై: క్రియోల్ వాచకం)

2012లో క్రియోల్ కూడా ఐచ్ఛిక భాషల జాబితాలో చేరింది. ఆ చేర్చిన తీరే నాకు బాధ కలిగిస్తుంది. తెలుగు పిల్లలు కూడా ఇంట్లో ఎక్కువగా క్రియోలే మాట్లాడతారు, అయినా పూర్వికుల భాష కావాలంటే ఆ గంటలో ఇంటి భాషను వదులుకోవాలి. క్రియోల్ ఎంచుకున్న పిల్లకు చదవడం, రాయడం తన భాషలో వస్తుంది, కానీ మామిడిపళ్ల లెక్క ఇంకా ఇంగ్లీషులోనే చేయాలి.