బ్రిటన్‌లో తుపాకీ లైసెన్స్: డాక్టర్ చూసేది మిమ్మల్ని కాదు, మీ రికార్డుని

(తెర మీద: టేబుల్, దాని మీద ఒక ఫారం, మూత తీసిన పెన్ను.)

"పరగడుపున వెళ్లాలా? ఏమైనా తిని వెళ్లొచ్చా?"

షాట్‌గన్ సర్టిఫికెట్‌కి అప్లై చేస్తూ మా బావ నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఫారంలో మెడికల్ అన్న మాట కనబడగానే రక్తపరీక్ష, ఈసీజీ, గోడ మీద అక్షరాలు చదివించే కళ్ల డాక్టరు, అందరూ వరసగా గుర్తొచ్చారట. చివరికి జరిగిందేమిటంటే, ఆ కాగితం కోసం ఆయన డాక్టరు ఎదుట కూర్చోనేలేదు. చొక్కా గుండీ విప్పింది లేదు, నాలుక చాపింది లేదు.

నమస్కారం. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో తుపాకీ లైసెన్స్‌కి కొత్తగా అప్లై చేసేవాళ్లకీ, రెన్యూ చేసుకునేవాళ్లకీ ఈ వీడియో. నార్దర్న్ ఐర్లండ్ పద్ధతి వేరు, దాని జోలికి నేను వెళ్లడం లేదు.

వాడుకలో అందరం లైసెన్స్ అంటాం గానీ, చేతికొచ్చే కాగితం పేరు సర్టిఫికెట్. షాట్‌గన్‌కి ఒకటి, రైఫిల్ లాంటివాటికి ఫైరార్మ్ సర్టిఫికెట్ అని ఇంకొకటి. రెండిటికీ ఆధారం 1968 నాటి ఫైరార్మ్స్ యాక్ట్. ఇచ్చేది పోలీసులు. గడువు ఐదేళ్లు. ఐదేళ్లయ్యాక రెన్యూవల్‌కి వెళ్తే డాక్టరు కాగితం కూడా మళ్లీ కొత్తగా తెచ్చుకోవాల్సిందే. "పోయినసారి ఇచ్చాను కదా" అంటే కుదరదు.

(తెర మీద: 2021 నవంబర్ 1.)

ఇదివరకు ఇంత పట్టింపు లేదు. 2016లో మొదలైన పద్ధతి ప్రకారం పోలీసులే మీ జీపీకి, అంటే మీ పేరు నమోదై ఉన్న ఫ్యామిలీ డాక్టరుకి, ఉత్తరం రాసేవారు. జవాబు వస్తే వచ్చినట్టు. రాకపోతే డాక్టరుకి అభ్యంతరం లేదనుకుని ఫైలు ముందుకు నడిపిన చోట్లు చాలానే ఉన్నాయి. ఒక్కో పోలీసు విభాగానిది ఒక్కో తీరు. దాన్ని మార్చాలన్న చర్చ నడుస్తుండగానే, 2021 ఆగస్టు 12న ప్లిమత్ నగరంలోని కీహామ్‌లో ఒక వ్యక్తి తన షాట్‌గన్‌తో ఐదుగురిని చంపి, తననీ కాల్చుకున్నాడు. ఇద్దరు టీనేజర్ల మీద చెయ్యి చేసుకున్నాడని పోలీసులు అంతకుముందు అతని తుపాకీ తీసేసుకున్నారు. కాల్పులకి కొన్ని వారాల ముందు వాళ్లే తిరిగి ఇచ్చారు. ఆ ఏడాది నవంబర్ 1 నుంచి హోం ఆఫీస్ (బ్రిటన్ హోంశాఖ) కొత్త మార్గదర్శకాలు అమల్లోకి వచ్చాయి. డాక్టరు ఇచ్చిన సమాచారం చూడకుండా ఏ పోలీసు విభాగమూ సర్టిఫికెట్ ఇవ్వకూడదు, రెన్యూ చేయకూడదు. కీహామ్‌లో తప్పు ఒక్క డాక్టరు కాగితం దగ్గర జరగలేదు, పోలీసుల నిర్ణయాల్లోనే పెద్ద లోపాలున్నాయని తర్వాత విచారణలో తేలింది. అయినా ఆ ఉదంతం తర్వాత ఈ కాగితం విషయంలో బతిమాలితే కరిగేవాళ్లు ఎవరూ లేరు.

సరే, డాక్టరు చేసే పనేమిటి? మీ మెడికల్ రికార్డు తెరిచి, పోలీసుల ఫారంలో ఉన్న జబ్బులు అందులో ఉన్నాయో లేవో చూసి రాయడం. అంతే. "ఇతనికి తుపాకీ ఇవ్వొచ్చు" అని డాక్టరు రాయరు, రాయమని ఎవరూ అడగరు కూడా. నిర్ణయం పూర్తిగా పోలీసులది. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. డాక్టరుగారికి మీరు నచ్చారా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు.

ఇక ఆ జబ్బులు. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే అందరి భయమూ ఇక్కడే.

డిప్రెషన్, యాంగ్జైటీ ఉన్నాయి. ఏదైనా దారుణం చూశాకో, అనుభవించాకో మనసు చెదిరిపోవడం, పీటీఎస్‌డీ దాకా, ఉంది. ఆత్మహత్య ఆలోచనలు, తనకి తాను హాని చేసుకోవడం, ఇంకొకరికి హాని చేయాలన్న ఆలోచన. బైపోలార్, మేనియా, సైకోసిస్. పర్సనాలిటీ డిజార్డర్. మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా. నరాలకి సంబంధించినవి: మూర్ఛ, పార్కిన్సన్స్, హంటింగ్టన్స్, మల్టిపుల్ స్క్లిరోసిస్ లాంటివి. మద్యం, మత్తుమందుల అలవాటు. ఇవి కాక, తుపాకీని జాగ్రత్తగా ఉంచుకోవడానికి అడ్డొచ్చే జబ్బు శరీరానిదైనా, మనసుదైనా, మరేదైనా.

గమనించారా? కంటి అద్దాల నంబరు ఇందులో లేదు. బీపీ లేదు, షుగర్ లేదు, కొలెస్ట్రాల్ అసలే లేదు. మా బావ పరగడుపున ఉండి ఏం ప్రయోజనం? వాళ్లు చూసేది గురి కుదురుతుందా అని కాదు. ఈ మనిషి దగ్గర, ఈ ఇంట్లో, ఒక తుపాకీ ఐదేళ్లపాటు క్షేమంగా ఉంటుందా అని.

ఇంకో అపోహ. "ఎప్పుడో డిప్రెషన్‌కి మందులు వాడాను, ఇక నాకు రాదులే." కాదండీ. ఒకప్పుడు డిప్రెషన్‌కో, స్ట్రెస్‌కో చికిత్స తీసుకున్నంత మాత్రాన అనర్హులైపోరని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. ఎంత కాలం క్రితం, ఎంత తీవ్రంగా, మళ్లీ తిరగబెట్టిందా, ఇప్పుడెలా ఉన్నారు, ఇవన్నీ కలిపి చూస్తారు. నన్నడిగితే, డాక్టరు దగ్గరికి వెళ్లి చికిత్స తీసుకుని బాగైన మనిషి, ఏదీ బయటికి చెప్పకుండా లోపల కుమిలే మనిషి కంటే తుపాకీ విషయంలో నమ్మదగినవాడు. లైసెన్స్ పోతుందన్న భయంతో డాక్టరుకి మనసులో మాట చెప్పడం మానేసే పరిస్థితి మాత్రం ఎవరూ తెచ్చుకోవద్దు.

(తెర మీద: ఫారంలో ఆరోగ్యం గురించి అడిగే పేజీ, దగ్గరగా.)

మా బావ సంగతికి వద్దాం. ఫారంలో ఆరోగ్యం పేజీ దగ్గర ఆయన టకటకా 'లేదు, లేదు' అని టిక్కులు పెట్టుకుంటూ పోతున్నాడు. నేను ఆపి, "బావా, ఒకసారి నీ ఎన్‌హెచ్‌ఎస్ యాప్ తెరువు" అన్నాను. ఎన్‌హెచ్‌ఎస్ అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు చాలామంది దాని యాప్‌లో తమ జీపీ రికార్డు చూసుకోవచ్చు. కిందికి జరుపుకుంటూ వెళ్తే, ఎనిమిదేళ్ల కిందటి ఎంట్రీ ఒకటి కనబడింది. స్ట్రెస్ వల్ల నిద్ర పట్టడం లేదని చెప్పడం, రెండు వారాలు సెలవుకి డాక్టరు కాగితం తీసుకోవడం. అప్పుడు ఆఫీసులో ఉద్యోగాలు తీసేస్తున్నారు, ఇంట్లో నెలల పాప. ఆయనకి గుర్తే లేదు. రికార్డుకి గుర్తుంది.

అదే ఆయన 'లేదు' అని రాసి, డాక్టరు 'ఉంది' అని రాసి ఉంటే? ఆ స్ట్రెస్ ఎవరికీ పట్టేది కాదు, దాచాడన్న అనుమానం మాత్రం ఫైలుకి అంటుకునేది. సర్టిఫికెట్ కోసం తెలిసి అబద్ధం రాయడం నేరం కూడా. అందుకని ఫారం నింపడానికి ముందే మీ రికార్డు మీరు చదువుకోండి. యాప్‌లో పూర్తిగా కనబడకపోతే మీ జీపీని అడగండి. మీ సమాచారం మీకివ్వమని అడిగే హక్కు డేటా రక్షణ చట్టం ఇచ్చింది, దానికి మామూలుగా డబ్బు కట్టక్కర్లేదు. చదివేటప్పుడు మీది కాని జబ్బు మీ పేరు మీద పడిందేమో కూడా చూడండి. పొరపాటు ఉంటే సరిచేయమని అప్పుడే రాతపూర్వకంగా అడిగితే, తర్వాత పోలీసులకి సంజాయిషీ చెప్పుకునే పని తప్పుతుంది.

ఉన్న విషయం ఉన్నట్టు మూడు లైన్లలో రాస్తే చాలు. ఏమైంది, ఎప్పుడైంది, ఏం చికిత్స జరిగింది, ఇప్పుడెలా ఉంది. కథలు అక్కర్లేదు. మా బావ మొదట రాసింది చూస్తే ఆత్మకథ మొదటి అధ్యాయంలా ఉంది. కొట్టేయించాను.

ఇప్పుడు కాగితం ఎవరి దగ్గర తీసుకోవాలన్నది. మొదట మీ జీపీ సర్జరీని అడగాలి. (కొత్తగా వచ్చినవాళ్ల కోసం: ఇక్కడ సర్జరీ అంటే ఆపరేషన్ కాదు, మీ డాక్టరు క్లినిక్.) మీ పోలీసు విభాగం వెబ్‌సైట్‌లో డాక్టరు నింపాల్సిన ఫారం ఉంటుంది, దాన్ని డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి. ఈ పని ఎన్‌హెచ్‌ఎస్ ఉచిత సేవల్లోకి రాదు, కాబట్టి ఫీజు అడుగుతారు. దేశమంతటా ఇంత అని కట్టిన రేటు లేదు, ఎవరి లెక్క వాళ్లది. పని మొదలుపెట్టక ముందే ఎంతో, ఎన్నాళ్లు పడుతుందో అడిగేయండి.

కొన్ని సర్జరీలు "మేం చేయం" అంటాయి. డాక్టర్లలో కొందరికి తుపాకుల విషయంలో మనస్సాక్షి ఒప్పుకోదు, కొందరికి తీరిక లేదు. మా బావకి ఎదురైంది వేరే రకం. చేస్తామన్నారు, ఫారం తీసుకున్నారు, ఐదు వారాల తర్వాత ఫోన్ చేస్తే "మా దగ్గర ఇలాంటివి చేయరండీ" అన్నారు. ఆ రోజు ఆయన మొహం చూడలేకపోయాను. కాబట్టి వాళ్లు ఒప్పుకున్నది నోటి మాటగా వదిలేయకుండా, ఒక ఈమెయిల్ పెట్టి ఉంచుకోండి.

మీ జీపీ కాదన్నా దారి మూసుకుపోదు. జనరల్ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి, ప్రాక్టీసు చేసే అర్హత ఉన్న వేరే డాక్టరు కూడా ఈ ఫారం నింపొచ్చు. ఇదే పనిగా చేసే ప్రైవేటు డాక్టర్లున్నారు. షరతు ఒకటే, వాళ్లు మీ జీపీ రికార్డు చూసి రాయాలి. ఆ రికార్డు మీ చేతుల మీదుగా కాకుండా సర్జరీ నుంచి నేరుగా ఆ డాక్టరుకి చేరేలా చూసుకోండి, మధ్యలో పేజీలు మాయమయ్యాయన్న మాట రాదు. ఒక్క మనవి. తెలిసిన డాక్టరుగారున్నారు, మన ఊరాయనే, ఒక సంతకం పడేస్తారు అనే ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోండి. రికార్డు చూడకుండా సంతకం పెడితే ఆయన రిజిస్ట్రేషన్‌కే ఎసరు.

రెన్యూవల్ వాళ్లకి తేదీల సంగతి. గడువు తీరడానికి కనీసం ఎనిమిది వారాల ముందు మీ అప్లికేషన్ పోలీసులకి అందితే, వాళ్ల వైపు ఆలస్యమైనా పాత సర్టిఫికెట్ ఇంకో ఎనిమిది వారాల దాకా దానంతటదే చెల్లుతుంది. 2017లో చేసిన చట్టం ఇచ్చిన వెసులుబాటు ఇది. ఆ తర్వాత అందితే ఆ రక్షణ లేదు. సర్టిఫికెట్ లేని రోజున ఇంట్లో తుపాకీ ఉంటే అది నేరం, "డాక్టరు ఆలస్యం చేశాడు" అన్న జవాబు పనికిరాదు. అంటే డాక్టరుకి పట్టే వారాలు, దాని మీద ఈ ఎనిమిది వారాలు, రెండూ కలుపుకుని వెనక్కి లెక్కపెట్టాలి. నేనైతే గడువుకి ఆరు నెలల ముందే సర్జరీకి ఫోన్ చేస్తాను. పోలీసుల రిమైండర్ వచ్చేదాకా ఆగను.

పోలీసులకి కట్టే ఫీజు వేరే. 2025 ఫిబ్రవరిలో బాగా పెంచారు. షాట్‌గన్ సర్టిఫికెట్ కొత్తదానికి 79.50 పౌండ్లు ఉండేది 194 అయింది, రెన్యూవల్ 49 నుంచి 126 అయింది. డాక్టరు ఫీజు ఇందులో కలవదు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక ఏమవుతుందో చాలామంది పట్టించుకోరు. మీ దగ్గర తుపాకీ ఉందని పోలీసులు మీ జీపీకి తెలియజేస్తారు. సర్జరీ వాళ్లు మీ రికార్డు మీద ఒక గుర్తు పెడతారు. ఇంగ్లండ్‌లో 2023 నుంచి ఇది డిజిటల్‌గా జరుగుతోంది. రేపు మీ రికార్డులో పైన చెప్పిన జబ్బుల్లో ఒకటి చేరితే డాక్టరుకి కంప్యూటర్ గుర్తుచేస్తుంది, ప్రమాదం ఉందనిపిస్తే ఆయన పోలీసులకి చెప్పొచ్చు. ఈ ఐదేళ్లలో మీ ఆరోగ్యం అలా మారితే మీరే ముందుగా పోలీసులకి చెప్పడం మంచిది. కొన్నాళ్లు తుపాకీని రిజిస్టర్డ్ డీలరు దగ్గర పెట్టి, బాగయ్యాక తెచ్చుకున్నవాళ్లున్నారు.

అప్లికేషన్ తిరస్కరిస్తే కారణం రాసిన ఉత్తరం వస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో క్రౌన్ కోర్టుకి, స్కాట్లండ్‌లో షెరిఫ్ కోర్టుకి అప్పీలు చేసుకోవచ్చు. గడువు 21 రోజులే, కోపం చల్లారాక చూద్దాం అనుకుంటే దాటిపోతుంది.

బావ రెండో డాక్టరుతో కాగితం తెచ్చుకున్నాడు. పోలీసుల తరఫున ఎంక్వైరీ ఆఫీసర్ ఇంటికొచ్చింది. స్టీల్ కేబినెట్ గోడకి బిగించారా అని లాగి చూసింది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడిగింది, తర్వాత ఆ ఎనిమిదేళ్ల కిందటి స్ట్రెస్ గురించి అడిగింది. బావ చెప్పాడు. ఆమె రాసుకుంది. "ఇప్పుడు నిద్ర పడుతోందా?" అంది. "మా అమ్మాయి పడుకోనిస్తే పడుతుంది" అన్నాడు. సర్టిఫికెట్ వచ్చింది. మీ డాక్టరు కాగితం ఎక్కడైనా ఇరుక్కుపోయి ఉంటే, ఏ దశలో ఆగిందో కింద కామెంట్‌లో రాయండి. జబ్బు వివరాలు మాత్రం అక్కడ రాయొద్దు.